చక్కెరకు బదులు వాడే తీపి బిళ్ళల వల్ల పక్షవాతం వచ్చే ముప్పు ఉందా?

గుంటూరు_ఆడపడుచు అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. మాది గుంటూరు లక్ష్మీపురం. మా నాన్నగారికి అరవై ఏళ్ళు దాటాయి. చాలాకాలంగా మధుమేహం ఉంది, రక్తపోటుకు కూడా మందు వాడుతున్నారు. ఉదయం, సాయంత్రం టీలో చక్కెరకు బదులు రెండేసి తీపి బిళ్ళలు వేసుకోవడం ఆయనకు అలవాటు. ఈ వేసవిలో మా బాబాయిగారికి పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది, మాట కూడా తడబడుతోంది. ఆయన కూడా అవే బిళ్ళలు వాడేవారు. పరామర్శకు వచ్చిన బంధువు ఒకరు ఈ బిళ్ళల వల్లనే మెదడులో రక్తం గడ్డకడుతుందని, అమెరికాలో ఈ విషయం నిరూపించారని చెప్పి ఒక వీడియో పంపించారు. ఆనాటి నుంచి నాన్నగారు బిళ్ళలు మానేసి బెల్లం టీ తాగుతున్నారు. షుగరు పెరుగుతుందని ఎంత చెప్పినా, "పెరిగితే మందు వేసుకుంటాను, పక్షవాతం వస్తే ఏం చేస్తాను?" అంటున్నారు. ఆయన భయాన్ని నేను తేలికగా తీసుకోలేకపోతున్నాను, ఎందుకంటే సొంత తమ్ముణ్ణి ఆ స్థితిలో చూసి వచ్చారు.

విజయవాడలో ఉన్న మా అన్నయ్య స్టీవియా పొడి మొక్క నుంచి తీసినదే కనుక అది వాడుకోవచ్చని అంటున్నాడు. ఇంటర్ చదువుతున్న వాళ్ళ అబ్బాయి ఈ ఎండలకు రోజూ చక్కెర లేని కూల్‌డ్రింకు తాగుతున్నాడు. వీటన్నిటినీ ఒకే గాటన కట్టవచ్చా? నిజంగా రుజువైనది ఎంత, అనుమానం ఎంత అన్నది తెలిసినవారు వివరంగా చెప్పగలరని ఆశిస్తున్నాను.

బెజవాడ_ఫిజీషియన్ సమాధానం

అమ్మా, మీ బాబాయిగారు త్వరగా కోలుకోవాలని కోరుకుంటున్నాను. నేను విజయవాడలో జనరల్ మెడిసిన్ వైద్యుణ్ణి. మీ నాన్నగారిని పరీక్షించకుండా ఆయన మందుల గురించి చెప్పడం సరికాదు, అది ఆయనను చూస్తున్న వైద్యుల పని. పరిశోధనలలో ఏం తేలిందో మాత్రం చెప్పగలను. మా ఓపీలోనూ ఈ ప్రశ్న తరచుగా ఎదురవుతోంది కనుక కొంచెం ఎక్కువే రాస్తున్నాను.

మీ బంధువు చెప్పిన అమెరికా పరిశోధన బహుశా 2017లో 'స్ట్రోక్' అనే వైద్య పత్రికలో వచ్చిన, అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్ అనే ఊరి పేరుతో పిలిచే అధ్యయనం కావచ్చు. అందులో పక్షవాతం విషయంలో 45 ఏళ్ళు దాటిన 2,888 మందిని పదేళ్ళపాటు గమనించారు. కృత్రిమ తీపి కలిపిన పానీయాన్ని రోజుకు ఒకటి లేదా అంతకంటే ఎక్కువ తాగినవారిలో, వారానికి ఒకటి కూడా తాగనివారితో పోలిస్తే, మెదడు రక్తనాళం మూసుకుపోవడం వల్ల వచ్చే పక్షవాతం దాదాపు మూడు రెట్లు ఎక్కువగా కనిపించింది. ఈ 'మూడు రెట్లు' అన్న మాటే వీడియోలలో తిరుగుతుంది. ఆ పదేళ్ళలో అందరికీ కలిపి వచ్చిన పక్షవాతాలు 97 మాత్రమేనన్న సంగతి అంతగా ప్రచారంలోకి రాదు. అంత చిన్న సంఖ్య నుంచి తీసిన లెక్క అటూ ఇటూ ఊగడానికి చాలా అవకాశం ఉంటుంది.

2019లో అదే పత్రికలో ఇంతకంటే చాలా పెద్ద అధ్యయనం వచ్చింది. అమెరికాలో రుతుక్రమం ఆగిపోయిన 81,714 మంది స్త్రీలను సగటున 12 సంవత్సరాలకు దగ్గరగా గమనించారు. డైట్ పానీయాలు, అంటే చక్కెరకు బదులు కృత్రిమ తీపి కలిపినవి, రోజుకు రెండు లేదా అంతకంటే ఎక్కువ తాగేవారిలో మొత్తం పక్షవాతం ముప్పు 23 శాతం, రక్తనాళం మూసుకుపోయి వచ్చే రకం 31 శాతం ఎక్కువగా ఉన్నాయి. అంతకుముందు మధుమేహం, గుండెజబ్బు లేని స్త్రీలలో మెదడులోని సన్నని రక్తనాళాలు మూసుకుపోవడం 2.4 రెట్లు కనిపించింది. ఈ అంకెలను కొట్టిపారేయకూడదు. కాకపోతే, ఆ పానీయాలలో ఏ తీపి పదార్థం ఉందో అడగలేదు, ఎంత తాగుతున్నారన్నది కూడా గమనించిన కాలమంతటికీ ఒక్కసారి మాత్రమే అడిగారు.

మీ ప్రశ్నకు అన్నిటికంటే దగ్గరగా వచ్చేది ఫ్రాన్సులో జరిగిన న్యూట్రినెట్ అధ్యయనం. 2022లో బీఎంజే అనే వైద్య పత్రికలో వచ్చింది. అందులో 1,03,388 మంది ఉన్నారు. పానీయాలతో ఆగకుండా టీ, కాఫీలలో వేసుకునే బిళ్ళలు, పొడులు, పెరుగు, తినుబండారాలు అన్నిటిలోని తీపి పదార్థాలనూ విడివిడిగా లెక్కగట్టారు. మొత్తం మీద కృత్రిమ తీపి వాడకం ఎక్కువయ్యేకొద్దీ మెదడు రక్తనాళాల జబ్బుల ముప్పు 18 శాతం, ఇలాంటి బిళ్ళలలో వాడే ఆస్పర్టేమ్ అనే తీపి పదార్థాన్ని విడిగా చూస్తే 17 శాతం ఎక్కువగా కనిపించింది. ఈ 18 శాతం అంటే ఎంత? అసలు వాడని లక్షమందిలో ఏడాదికి 150 మందికి అలాంటి జబ్బు వస్తే, ఎక్కువగా వాడేవారిలో 195 మందికి వచ్చింది. వయస్సు, బరువు, పొగ తాగడం వంటి తేడాలను లెక్కలోంచి తీసివేస్తే మిగిలినదే ఆ 18 శాతం. మీ నాన్నగారు వాడే మోతాదు కూడా ఈ అధ్యయనంలోని వారి మోతాదుకు దూరమైనదేమీ కాదు. అక్కడి వాడకందార్లు సగటున రోజుకు 42 మిల్లీగ్రాములే తీసుకున్నారు. అందుకని "రెండు బిళ్ళలే కదా, ఈ పరిశోధనలు మనకు వర్తించవు" అని నేను అనను.

అయినా దీన్ని నిరూపణ అని ఎందుకు అనడం లేదంటే, ఈ మూడు అధ్యయనాలూ జనం వారంతట వారు ఏం తింటున్నారో చూసి రాసుకున్నవి. షుగరు అంచున ఉందని చెప్పగానే మనిషి మొదట చేసే పని చక్కెర మానేసి బిళ్ళలకు మారడం. బరువు పెరిగినవారు మామూలు కూల్‌డ్రింకు మానేసి డైట్ పానీయానికి మారతారు. అంటే ఏ జబ్బు ఆ బిళ్ళను ఇంట్లోకి తెచ్చిందో, పక్షవాతానికి దారితీసేది కూడా ఆ జబ్బే కావచ్చు. పరిశోధకులు దీన్ని లెక్కలతో సవరించే ప్రయత్నం చేస్తారు, కానీ పూర్తిగా సవరించడం వారికీ సాధ్యం కాదు. ఫ్రేమింగ్‌హామ్‌లో చక్కెర పానీయాలు తాగేవారిలో పక్షవాతం ఎక్కువగా కనిపించకపోవడం నాకు ఈ అనుమానాన్ని మరింత పెంచుతుంది. అప్పటికే ముప్పు ఉన్నవారు చక్కెర వైపు నుంచి డైట్ వైపు మారిపోయి ఉంటే అలాగే కనిపిస్తుంది.

ఇప్పుడు దీని పక్కన ఇంకొక అంకె పెట్టి చూడండి. రక్తపోటు తగ్గించే చికిత్సలపై జరిగిన 123 ప్రయోగాలను కలిపి 2016లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒక విశ్లేషణ ప్రచురించారు. రక్తపోటు పై అంకె 10 పాయింట్లు తగ్గితే పక్షవాతం ముప్పు సుమారు 27 శాతం తగ్గుతుందని అందులో తేలింది. ఇది చీట్లు వేసినట్టుగా మనుషులను రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టుకు ఎక్కువ చికిత్స ఇచ్చి చూసిన ఫలితం. పక్షవాతం తగ్గడానికి కారణం రక్తపోటు తగ్గడమేనని గట్టిగా చెప్పగలిగిన రుజువు ఇది. మధుమేహమే పక్షవాతం ముప్పును దాదాపు రెండింతలు చేస్తుంది. మీ నాన్నగారు అనుమానంగా ఉన్న ఒక చిన్న ముప్పును తప్పించుకోవడానికి, రుజువైన పెద్ద ముప్పును నెత్తిన పెట్టుకుంటున్నారు. బెల్లంలో అత్యధిక భాగం చక్కెరే. రంగు, రుచి వేరైనా రక్తంలో గ్లూకోజు పెరగడంలో పెద్ద తేడా ఉండదు. ఆయన భయాన్ని తీసిపారేయకుండానే ఈ ఒక్క విషయం నిదానంగా చెప్పి చూడండి.

అరండల్‌పేట_మందులషాపు సమాధానం

డాక్టరుగారు చెప్పినదానికి నా వైపు నుంచి ఒక ముఖ్యమైన విషయం చేర్చాలి. అందరూ స్టీవియా అని అడిగి తీసుకువెళ్ళే పొడుల డబ్బా వెనక్కి తిప్పి, పదార్థాల జాబితా ఒకసారి చదవండి. స్టీవియా ఆకు నుంచి తీసే తీపి పదార్థం చక్కెర కంటే రెండు మూడు వందల రెట్లు తియ్యగా ఉంటుంది కాబట్టి, ఒక చెంచా పొడిలో అది ఇసుమంతే ఉంటే సరిపోతుంది. చెంచా నిండడానికి మరొక పొడి కలపాలి. చాలా కంపెనీలు అందుకు చక్కెర ఆల్కహాల్ అనే రకానికి చెందిన ఎరిత్రిటాల్ అనే మరో తీపి పదార్థం కలుపుతాయి. అంటే పేరు స్టీవియాదే అయినా తూకంలో అత్యధిక భాగం ఎరిత్రిటాల్ కావచ్చు.

లేబుల్ మీద పేరు బదులు కొన్నిసార్లు సంఖ్య మాత్రమే ఉంటుంది. 950 అంటే ఎసిసల్ఫేమ్ పొటాషియం, 951 ఆస్పర్టేమ్, 954 సాకరిన్, 955 సుక్రలోజ్, 960 స్టీవియా, 967 జైలిటాల్, 968 ఎరిత్రిటాల్. ఈ అంకెలు ఒక కాగితం మీద రాసి ఫోనులో ఫొటో పెట్టుకుంటే కొనేటప్పుడు వెతుక్కోనక్కరలేదు. ఆస్పర్టేమ్ బిళ్ళలను వేడివేడి వంటలో ఎక్కువసేపు మరిగిస్తే తీపి తగ్గిపోతుంది. పాయసంలో తీపి చాలడం లేదని మరో పది బిళ్ళలు వేసేవారిని నేను చూశాను కాబట్టి ఇది కూడా చెబుతున్నాను.

బెజవాడ_ఫిజీషియన్ సమాధానం

ఎరిత్రిటాల్ ప్రస్తావన వచ్చింది కాబట్టి దాని గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే గడ్డకట్టడం అన్న మాటకు ప్రయోగశాల ఆధారం ఎక్కువగా ఉన్నది దానికే.

అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్ ఆసుపత్రికి చెందిన హేజెన్ అనే పరిశోధకుని బృందం 2023లో నేచర్ మెడిసిన్ అనే పత్రికలో ఒక పరిశోధన ప్రచురించింది. గుండెజబ్బు ముప్పు ఉండి పరీక్షలకు వచ్చినవారి రక్తంలో ఎరిత్రిటాల్ ఎక్కువగా ఉంటే, తరువాతి మూడేళ్ళలో గుండెపోటు, పక్షవాతం, మరణం ఎక్కువగా కనిపించాయి. దీనికి ఒక అభ్యంతరం ఉంది. మన శరీరం కూడా గ్లూకోజు నుంచి కొంత ఎరిత్రిటాల్ తయారు చేసుకుంటుంది, కనుక రక్తంలో అది పెరగడం తిన్నందువల్ల కాక, జీవక్రియ దెబ్బతిన్నందువల్ల కూడా కావచ్చు. అయితే ఆ బృందం అక్కడ ఆగలేదు. ఆరోగ్యంగా ఉన్న ఎనిమిది మందికి 30 గ్రాముల ఎరిత్రిటాల్ కలిపిన పానీయం ఇచ్చి చూస్తే, రక్తంలో దాని మోతాదు రెండు రోజులకు పైగా, రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్ కణాలు చురుకెక్కే స్థాయి కంటే ఎక్కువగానే ఉంది. 2024లో ఇరవై మందితో చేసిన ప్రయోగంలో ఎరిత్రిటాల్ తాగినవారి ప్లేట్‌లెట్లు గడ్డకట్టే స్వభావం పెరిగింది. అంతే మోతాదు గ్లూకోజు తాగినవారిలో అలా జరగలేదు. అదే సంవత్సరం, అటువంటిదే మరో చక్కెర ఆల్కహాల్ అయిన జైలిటాల్ గురించి కూడా ఇటువంటి ఫలితాలే వచ్చాయి. 2025లో కొలరాడో విశ్వవిద్యాలయం వారు మెదడు రక్తనాళాల లోపలి పొర కణాలను ఎరిత్రిటాల్‌లో ఉంచి చూస్తే, నాళాన్ని విప్పారేట్టు చేసే నైట్రిక్ ఆక్సైడ్ తగ్గి, ముడుచుకునేట్టు చేసే ఎండోథెలిన్ పెరిగింది. ఇది గాజు పాత్రలోని కణాలపై చూసినది, మనిషిలో అలాగే జరుగుతుందని దీని అర్థం కాదు.

ఇందులో మోతాదు చాలా కీలకం. ఆస్పర్టేమ్ బిళ్ళలో ఉండేది ఇరవై మిల్లీగ్రాములకు అటూ ఇటూ. ఎరిత్రిటాల్ చక్కెర కంటే తీపి తక్కువ కాబట్టి గ్రాముల లెక్కన తింటారు. కీటో (పిండిపదార్థాలు బాగా తగ్గించిన) బిస్కెట్లు, చక్కెర లేని ఐస్‌క్రీములు, ఇంట్లో చేసుకునే కేకులలో ఒక్కసారికే పదుల గ్రాములు పోతాయి. మీ అన్నయ్యగారు కాఫీలో అర చెంచా వేసుకుంటే పెద్దగా కంగారుపడను గానీ, మీ నాన్నగారి వంటి మధుమేహం, రక్తపోటు ఉన్నవారు అదే పొడితో స్వీట్లు చేసుకుని తినడాన్ని మాత్రం నేను వద్దంటాను. దీర్ఘకాలం గమనించిన ప్రయోగాలు వచ్చే వరకూ నా రోగులకు ఇదే చెబుతాను.

అమరావతి_రోడ్డు సమాధానం

మీరు చెప్పినవన్నీ చదివిన తరువాత కూడా నాకు ఒక సందేహం మిగిలింది. 2023 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థే ఈ తీపి పదార్థాలను వాడవద్దని సూచించింది కదా. అదే ఏడాది జులైలో ఆస్పర్టేమ్‌ను క్యాన్సర్ కారకం కావచ్చని కూడా ప్రకటించారు. ఇంత అనుమానం ఉన్న వస్తువును, ముప్పు చిన్నదేనంటూ పెద్దవాళ్ళతో ఎందుకు వాడించాలి? చక్కెరా వద్దు, ఇదీ వద్దు, తీపి లేకుండా టీ తాగమని ఎందుకు చెప్పకూడదు?

బెజవాడ_ఫిజీషియన్ సమాధానం

మీ చివరి మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. తీపి లేని టీ అలవాటు చేసుకోగలిగితే అంతకంటే మంచిది లేదు. కానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన గురించి ఒక వివరం అవసరం. బరువు తగ్గడానికి, దీర్ఘకాలిక జబ్బులను నివారించుకోవడానికి ఇవి పనికిరావని ఆ సూచన సారాంశం. దాన్ని వారే షరతులతో కూడిన సూచనగా ప్రకటించారు, ఎందుకంటే నేను పైన చెప్పిన అనుమానమే వారికీ ఉంది. అన్నిటికంటే ముఖ్యంగా, అప్పటికే మధుమేహం ఉన్నవారికి ఆ సూచన వర్తించదని అందులోనే స్పష్టంగా ఉంది. ఎరిత్రిటాల్ వంటి చక్కెర ఆల్కహాళ్ళు అందులో చేరలేదు. కనుక మధుమేహం ఉన్న పెద్దాయన చేతిలోని ఆస్పర్టేమ్ బిళ్ళను మాన్పించడానికి గానీ, మరొకరి స్టీవియా పొడిలోని ఎరిత్రిటాల్‌ను సమర్థించడానికి గానీ ఆ సూచనను వాడలేం.

ఆస్పర్టేమ్‌ను క్యాన్సర్ విషయంలో 'కావచ్చు' అన్న 2బి వర్గంలో పెట్టిన రోజునే, ఆహార సంకలితాల నిపుణుల సంఘం శరీర బరువు కిలోకు రోజుకు 40 మిల్లీగ్రాముల పరిమితిని మార్చనక్కరలేదని చెప్పింది. అరవై కిలోల మనిషికి అది 2,400 మిల్లీగ్రాములు, అంటే వందకు పైగా బిళ్ళలు. అయితే ఈ పరిమితి పక్షవాతం ప్రశ్నకు సమాధానం కాదు. 40 కంటే తక్కువ తీసుకున్నాం కాబట్టి రక్తనాళాలకు ఏమీ కాదని ఎవరైనా చెబితే నేను ఒప్పుకోను.

పోషకాహారం_తాడేపల్లి సమాధానం

నేను ఆహార సలహాలు ఇచ్చే వృత్తిలో ఉన్నాను. గుంటూరువారి ఇంటి భోజనం గురించి మాట్లాడకుండా పక్షవాతం గురించి మాట్లాడితే అసలు విషయం మిగిలిపోతుందని నా అభిప్రాయం. టీలోని బిళ్ళ గురించి ఇంత చర్చించే కుటుంబాలలోనే పొద్దున్న ఇడ్లీలోకి కారప్పొడి, మధ్యాహ్నం ఆవకాయ, పెరుగన్నంలోకి ఊరమిరపకాయలు, పక్కన అప్పడం తప్పకుండా ఉంటాయి. రోజుకు ఉప్పు 5 గ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది, అంటే ఒక చిన్న చెంచా. నిలవ పచ్చడిలో ఉప్పు పాళ్ళు ఎంతో పచ్చడి పట్టిన ఇల్లాలికి ఎవరూ చెప్పనక్కరలేదు. రక్తపోటు ఉన్నవారికి ఊరగాయ పూర్తిగా మాన్పించమని నేను ఎప్పుడూ చెప్పను, అలా చెబితే మన ప్రాంతంలో ఎవరూ వినరు. రోజుకు ఒక్క పూట, వేలి చివరంత అని చెబుతాను. గోంగూర రోటిపచ్చడి ఏ పూటకు ఆ పూట తక్కువ ఉప్పుతో చేసుకోవచ్చు.

తీపి మాన్పించడం గురించి కూడా నా అనుభవం చెబుతాను. ఒక్కసారిగా మానేయమంటే పెద్దవారికి బాధగా ఉంటుంది, పైగా రహస్యంగా తినడం మొదలవుతుంది. రెండు బిళ్ళలను కొన్ని వారాలు ఒకటిన్నర, తరువాత ఒకటి, ఆపైన అర చేస్తే నాలుక అలవాటు పడుతుంది. టీలో కాస్త అల్లం, యాలకుల పొడి వేస్తే తీపి లోటు అంతగా తెలియదు.

గుంటూరు_ఆడపడుచు సమాధానం

అందరికీ నా కృతజ్ఞతలు. నిన్న సాయంత్రం నాన్నగారి పక్కన కూర్చుని ఇవన్నీ చదివి వినిపించాను. బెల్లం మాని మళ్ళీ ఒక్క బిళ్ళతో టీ తాగడానికి ఒప్పుకున్నారు. ఇంట్లో రక్తపోటు చూసుకునే మిషను కొనమని ఆయనే అడిగారు. ఇంకొక్క ప్రశ్న మిగిలింది. మా మేనల్లుడు రోజూ తాగే చక్కెర లేని కూల్‌డ్రింకు మాన్పించాలా? వాడికి పద్దెనిమిదేళ్ళు లేవు, ఏ జబ్బూ లేదు.

బెజవాడ_ఫిజీషియన్ సమాధానం

మాన్పించడమే మంచిదని నా అభిప్రాయం. పైన చెప్పిన అమెరికా అధ్యయనాలలో ముప్పు కనిపించింది రోజూ తాగే పానీయాలతోనే. అవి పెద్ద వయస్సువారిలో చేసినవి కనుక అదే ముప్పు పిల్లవాడికి ఉందని నేను చెప్పలేను. కానీ మీ నాన్నగారి విషయంలో బిళ్ళకు ఒక ప్రయోజనం ఉంది, చక్కెరను తప్పిస్తుంది. ఆ అబ్బాయికి ఏ ప్రయోజనమూ లేదు, ఆ పానీయం స్థానంలో నీళ్ళు తాగితే ఏమీ పోదు. దాని బదులు చక్కెర కలిపిన మామూలు కూల్‌డ్రింకుకు మాత్రం మారనివ్వకండి. ఉప్పు తక్కువ వేసిన పలుచని మజ్జిగ గానీ, కొబ్బరిబోండం గానీ ఈ ఎండలకు సరిపోతాయి.

మీ నాన్నగారి రక్తపోటు ఉదయం మందు వేసుకోకముందు, మళ్ళీ రాత్రి పడుకోబోయే ముందు, కుర్చీలో వెన్ను ఆనించి అయిదు నిమిషాలు కూర్చున్న తరువాత చూసి ఒక పుస్తకంలో రాయండి. బెల్లం టీ తాగిన ఈ రోజుల ప్రభావం, గత రెండు మూడు నెలల సగటు షుగరును చూపే హెచ్‌బీఏ1సీ రక్తపరీక్షలో తెలుస్తుంది. ఆ పుస్తకం, ఆ రిపోర్టు రెండూ ఆయన వైద్యులకు చూపించి, సొంత తమ్ముడికి పక్షవాతం వచ్చిన సంగతి కూడా తప్పకుండా చెప్పండి. కొలెస్టరాల్ మందు అవసరమా, రక్తపోటు మందు మోతాదు మార్చాలా అన్నది వారు దాన్నిబట్టి చూస్తారు.